ఫ్రాన్స్ యాత్రకు ముందుగా ఎంచుకోవలసింది రైల్వే స్టేషను

సంపాదకుల వారికి నమస్కారాలు.

వేసవి విహారయాత్రలపై మీ పత్రిక ఆదివారం అనుబంధంలో ఇటీవల వచ్చిన వ్యాసంలో ఫ్రాన్స్‌కు కేటాయించిన భాగం చదివాక ఈ లేఖ రాయాలనిపించింది. పారిస్‌లో దిగి, మోన్ సాన్ మిషెల్ చూసి, అక్కడి నుంచి స్ట్రాస్‌బర్గ్, ఆపైన కార్కసోన్ మీదుగా నీస్ చేరి, వారం తిరిగేసరికి తిరుగు విమానం ఎక్కవచ్చని అందులో సూచించారు. పేర్కొన్న ఊళ్లన్నీ చూడదగ్గవే. కానీ ఆ వరుసలో తిరిగినవారికి రైలు కిటికీలోంచి కనిపించే పొలాలు, హోటలు గదుల్లో విప్పి మళ్లీ సర్దుకున్న పెట్టెలు తప్ప ఇంకేమీ గుర్తుండవు. మోన్ సాన్ మిషెల్ పడమటి తీరాన సముద్రపు ఆటుపోట్ల మధ్య ఉంది. స్ట్రాస్‌బర్గ్ తూర్పున జర్మనీ సరిహద్దును ఆనుకుని ఉంది. ఒకదాని నుంచి మరొకదానికి రైల్లో వెళ్లాలంటే దాదాపుగా పారిస్‌కు వచ్చి, స్టేషను మారి, మళ్లీ బయలుదేరవలసిందే. ఉద్యోగ రీత్యా లియోన్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళ్లినప్పుడు ఆ దేశంలో కొంత తిరిగినవాడిగా, పటం మీద చుక్కలు కలిపి యాత్ర తయారుచేసే ఈ పద్ధతి గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

ఫ్రాన్స్ రైలు మార్గాల తీరుకు పాత చరిత్ర ఉంది. 1842 నాటి చట్టం ప్రకారం ప్రధాన మార్గాలన్నీ రాజధాని నుంచి దేశం అంచులకు కిరణాల్లా సాగాయి. రూపకల్పన చేసిన అధికారి పేరు మీద ఆ పథకాన్ని లెగ్రాన్ నక్షత్రం అని పిలుస్తారు. హైస్పీడు రైళ్లు వచ్చాక వేగం పెరిగిందే కాని ఆ నక్షత్రాకారం పెద్దగా మారలేదు. అందుకే పారిస్‌లో మన సికింద్రాబాదు వంటి ఒక్క పెద్ద స్టేషను అంటూ లేదు, దిక్కుకొకటి ఉంది. ఉత్తరానికి గార్ దు నోర్, తూర్పుకు గార్ ద లెస్ట్, ఆగ్నేయానికీ దక్షిణానికీ గార్ ద లియోన్, పడమటికీ నైరుతికీ మోంపార్నాస్, నార్మండీ వైపు సాన్ లజార్, మధ్య ఫ్రాన్స్‌కు ఆస్టర్లిట్జ్. ఒక స్టేషనులో దిగి మరో స్టేషనులో ఎక్కాలంటే నగరం దాటాలి. మోంపార్నాస్ నుంచి గార్ ద లెస్ట్‌కు మెట్రో నాలుగో లైను నేరుగానే పోతుంది. పటంలో చూస్తే అరగంట పని. అయితే పారిస్ మెట్రోలో చాలా పాత స్టేషన్లకు లిఫ్టులు లేవు. మోంపార్నాస్‌లో రైలు దిగినచోటి నుంచి మెట్రో ప్లాట్‌ఫారానికి చేరేలోపే పొడవాటి సొరంగ దారులు, మెట్లు, టికెట్ గేట్లు దాటాలి. పోర్టర్లను పిలుద్దామంటే ఉండరు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో, చెరి రెండు పెట్టెలతో ఆ మెట్లు ఎక్కినవారికి ఆ అరగంట ఎంతసేపో తెలుస్తుంది.

కాబట్టి వారం, పది రోజుల యాత్రకు వెళ్లేవారికి నా సలహా ఒక్కటే. ముందు ఊళ్ల జాబితా రాసుకోకుండా, పారిస్‌లో ఏ స్టేషను నుంచి బయలుదేరాలో నిర్ణయించుకోండి. ఆ స్టేషను నుంచి వెళ్లే మార్గంలో ఉన్న ఊళ్లే ఈసారికి మీ ఫ్రాన్స్. మిగిలిన దిక్కులను మరోసారికి వదిలేయండి. పారిస్‌లో రెండు మూడు రాత్రులు, ఆ మార్గంలోని ఒక ఊళ్లో నాలుగైదు రాత్రులు బస పెట్టుకుని, చుట్టుపక్కల ఊళ్లకు చేతిసంచితో వెళ్లి సాయంత్రానికి తిరిగి రావడం అన్ని విధాలా మేలు.

మొదటిసారి వెళ్లే తెలుగువారికి నేను గార్ ద లియోన్ మార్గాన్నే సూచిస్తాను. పారిస్ నుంచి లియోన్ రెండు గంటలు, అవిన్యోన్ రెండు గంటల నలభై నిమిషాలు. అసలు నగరంలోకి వెళ్లకుండానే చార్లెస్ డి గాల్ విమానాశ్రయం రెండో టెర్మినల్ కింద ఉన్న స్టేషనులో టీజీవీ అనే హైస్పీడు రైలు ఎక్కి నేరుగా ఈ రెండు ఊళ్లకూ పోవచ్చు. పారిస్‌ను చివరి రోజులకు ఉంచుకోవచ్చు. ఈ సౌకర్యం గురించి మనవాళ్లలో చాలామందికి తెలియదు. దుబాయి నుంచి లియోన్‌కు, నీస్‌కు నేరుగా విమానాలున్న సంగతి కూడా టికెట్లు కొనేముందు చూసుకోవడం మంచిది.

లియోన్ రోమనుల కాలంలో, క్రీ.పూ. 43లో వెలసిన నగరం. ఫుర్వియేర్ కొండ మీద వాళ్లు కట్టిన రంగస్థలం రాతి మెట్లు నేటికీ నిలిచి ఉన్నాయి. కొండ దిగువన సోన్ నది ఒడ్డున ఉన్న పాత పేటలో ఒక వీధిలోని తలుపు తోసుకుని లోపలికి వెళితే సన్నని చీకటి నడవ, నడిమి వాకిలి, చుట్టు మెట్ల గోపురం దాటి వెనక వీధిలో తేలతాం. ట్రబూల్ అని పిలిచే ఇలాంటి దారులు ఆ నగరంలో కొల్లలుగా ఉన్నాయి. వాటిలో కొన్నింటిని జనం చూడటానికి తెరిచి ఉంచుతారు. లోపల కాపురాలుంటున్నాయి కాబట్టి గొంతు తగ్గించి మాట్లాడటం మర్యాద. అవతల క్రోయి రూస్ గుట్ట పట్టు నేతగాళ్ల పేట. ఎత్తయిన మగ్గాలు పట్టాలని అక్కడి ఇళ్లను దాదాపు నాలుగు మీటర్ల ఎత్తు పైకప్పులతో కట్టారు. కూలి రేట్ల కోసం 1831లోనూ, మళ్లీ 1834లోనూ ఆ నేతగాళ్లు తిరగబడ్డారు. ధర్మవరం మగ్గాల మీద అమర్చే జకార్డు పెట్టెను 1804లో రూపొందించిన జోసెఫ్ మరీ జకార్డ్ ఈ ఊరివాడే. చేనేత కుటుంబాల నుంచి వెళ్లేవారు క్రోయి రూస్‌లో మగ్గం నడిపి చూపించే నేతగాళ్ల మ్యూజియానికి ఒక గంట కేటాయించుకుంటే, మీ వ్యాసం చెప్పిన ఈఫెల్ టవర్ మూడో అంతస్తు కంటే అదే ఎక్కువగా గుర్తుంటుందని నా నమ్మకం.

బసకు మాత్రం అవిన్యోన్ మేలు. 1309 నుంచి 1377 వరకు పోపులు రోమును విడిచి ఈ ఊళ్లో ఉన్నారు. 1348లో ఆరో క్లెమెంట్ అనే పోపు నేపుల్స్ రాణి జోవన్నా వద్ద ఈ పట్టణాన్ని 80,000 ఫ్లోరిన్లకు కొన్నాడు. ఫ్రెంచి విప్లవ కాలంలో 1791లో ఫ్రాన్స్‌లో కలిసేదాకా అది పోపుల సొత్తుగానే ఉంది. ఇరవై ఏళ్లలోపే లేచిన పోపుల రాజప్రాసాదం బయటికి కోటలా భయపెడుతుంది. లోపల గదులు బోసిగా ఉంటాయని చాలామంది నిరాశ పడతారు. 19వ శతాబ్దమంతా అది సైనికుల బారకాసు. గోడల మీది కుడ్యచిత్రాల ముక్కలు కోసి అమ్ముకున్న సైనికులు కూడా ఉన్నారు. 1906లో సైన్యం ఖాళీ చేశాకే మరమ్మతులు మొదలయ్యాయి. అయినా పోపు పడకగది పక్కనున్న లేడి గదిలో వేటగాళ్లు, చేపల చెరువు, పండ్ల చెట్లతో నిండిన గోడలు మిగిలాయి. మతగురువు ఏకాంత మందిరంలో ఒక్క మత చిత్రమూ లేకుండా ఈ వేట దృశ్యాలేమిటని అక్కడ నిలబడినవారికెవరికైనా అనిపిస్తుంది.

అవిన్యోన్ వంతెనకు ఒకప్పుడు 22 కమానులుండేవి. రోన్ నది వరదలకు పదేపదే కూలడంతో 17వ శతాబ్దంలో బాగుచేయడం మానేశారు. ఇప్పుడు నాలుగే మిగిలాయి. వంతెన నది మధ్యలోనే ఆగిపోతుంది. దాని మీద నడవడానికి టికెట్ ఉంది, అక్కరలేదంటాను. ప్రాసాదం పక్కనే ఉన్న రోషే దె డోమ్ గుట్ట మీది తోటలోకి ఉచితంగా ఎక్కి చూస్తే వంతెన, నది, అవతలి ఒడ్డున ఫ్రెంచి రాజు కట్టించిన బురుజు అన్నీ ఒక్కచూపులో కనిపిస్తాయి. ఈ ఊళ్లో ఒక సంగతి జాగ్రత్తగా గమనించాలి. టీజీవీ ఆగే స్టేషను ఊరి బయట ఉంది; పాత గోడల పక్కన ఉన్నది వేరే స్టేషను. రెండింటి మధ్య ఐదారు నిమిషాల లోకల్ రైలు నడుస్తుంది. హోటలు బుక్ చేసేటప్పుడు "స్టేషనుకు దగ్గర" అని ఉంటే, ఏ స్టేషనుకో చూడండి.

మచిలీపట్నం కలంకారీ ఎరిగినవారికి ఈ ప్రాంతం మీద మరికొంత మక్కువ కలగాలి. కోరమాండల్ తీరం నుంచి వచ్చిన అద్దకపు నూలు బట్టలు ఫ్రాన్స్‌లో ఎంతగా చెల్లాయంటే, సొంత పట్టు, ఉన్ని పరిశ్రమలను కాపాడుకోవడానికి 1686లో ప్రభుత్వం వాటి దిగుమతినీ, అనుకరణనూ నిషేధించింది. ఆ నిషేధం 1759 వరకు సాగింది. పోపుల ఏలుబడిలో ఉన్న అవిన్యోన్ ఫ్రాన్స్ చట్టం కిందికి రాకపోవడంతో అక్కడ అద్దకం పని కొంతకాలం యథాప్రకారం జరిగింది. ఆర్ల్, అవిన్యోన్ దుకాణాల్లో ఈనాడు ప్రోవాన్స్ బట్టలని అమ్మే చిన్న పూల గుడ్డలు ఆ వంశానివే. నిషేధం ఎత్తివేశాక 1760లో ఓబర్‌కాంఫ్ అనే అద్దకగాడు వెర్సాయ్ దగ్గర జుయీ గ్రామంలో పెట్టిన కర్మాగారం జ్ఞాపకార్థం అక్కడొక మ్యూజియం ఉంది. వెర్సాయ్ రాజప్రాసాదం చూడబోయేవారు అటు కూడా వెళ్లవచ్చు.

అవిన్యోన్ నుంచి ఆర్ల్‌కు లోకల్ రైల్లో ఇరవై నిమిషాలు. సుమారు క్రీ.శ. 90 ప్రాంతంలో కట్టిన అక్కడి రోమన్ క్రీడాంగణంలో 20,000 మంది కూర్చునేవారు. సామ్రాజ్యం పడిపోయాక ఊరిజనం దాన్నే కోటగా మార్చుకుని, లోపల రెండు వందలకు పైగా ఇళ్లు, రెండు చిన్న చర్చిలు కట్టుకుని శతాబ్దాల పాటు కాపురముండి, 19వ శతాబ్దంలో గాని ఖాళీ చేయలేదు. ఆనాటి కావలి బురుజులు మూడు ఇంకా పైన నిలబడి ఉన్నాయి. 1888 ఫిబ్రవరిలో వచ్చి ఏడాదికి పైగా ఉన్న వాన్ గో ఈ ఊరినీ పరిసరాలనూ వందలాది చిత్రాల్లో గీశాడు. ఆయన అద్దెకున్న పసుపు ఇల్లు 1944 బాంబుదాడుల్లో పోయింది. ఆయన్ను చేర్చిన ఆసుపత్రి పెరటి తోటను మాత్రం చిత్రంలో ఉన్నట్టే పెంచుతున్నారు. శనివారం ఉదయం వెళితే బులెవార్ దె లీస్ పొడవునా సంత ఉంటుంది. ఆలివ్ పండ్ల బుట్టలు, వెల్లుల్లి జడలు, నేరేడు రంగు లావెండర్ కట్టలు చూస్తూ నడిస్తే పూట గడిచిపోతుంది. నీమ్ పట్టణంలోని మెజోన్ కారె ఆలయం, బస్సులో చేరుకోగల పాన్ దు గార్ కూడా ఇక్కడికి దగ్గరే. పాన్ దు గార్ మూడు వరుసల కమానులతో 49 మీటర్ల ఎత్తున లేచిన రోమన్ నీటి వంతెన. యూజెస్ దగ్గర ఊటల నుంచి 50 కిలోమీటర్ల దూరం నీమ్‌కు నీళ్లు తెచ్చిన కాలువలో అది ఒక భాగం. అంత దూరానికీ కాలువ పల్లం మొత్తం 13 మీటర్ల లోపే. పి.గన్నవరంలో వైనతేయ గోదావరి మీదుగా కాటన్ హయాంలో కట్టిన అక్విడక్టును చిన్నప్పటి నుంచి చూసిన మా కోనసీమ వారు ఆ వాటం ఎలా నిలబెట్టారా అని కాసేపు లెక్కలు వేయకుండా కదలలేరు.

గార్ ద లెస్ట్ మార్గం రెండో మంచి ఎంపిక. రీమ్స్ పారిస్ నుంచి 45 నిమిషాలే. ఫ్రెంచి రాజులకు పట్టాభిషేకాలు జరిగిన పెద్ద చర్చి అక్కడిది. 1429లో ఏడో చార్లెస్ కిరీటం ధరించినప్పుడు, ఆయన సేనలను నడిపిన యువతి జోన్ ఆఫ్ ఆర్క్ పక్కనే నిలబడింది. 1914లో జర్మన్ ఫిరంగుల దాడికి ద్వారం దగ్గరి నవ్వే దేవదూత విగ్రహం తల తెగిపడింది, తరవాత అతికించారు. 1945 మే 7న జర్మనీ సేనల లొంగుబాటు పత్రం మీద సంతకాలు జరిగిన బడి గది కూడా ఈ ఊళ్లోనే, స్టేషనుకు నడక దూరంలో ఉంది. అదే దారిలో ముందుకు పోతే స్ట్రాస్‌బర్గ్. 142 మీటర్ల శిఖరంతో రెండు శతాబ్దాలకు పైగా ప్రపంచంలోకెల్లా ఎత్తయిన కట్టడంగా నిలిచిన చర్చి ఉన్న ఊరు. 1871 నుంచి 1945 మధ్య జర్మనీ, ఫ్రాన్స్‌ల నడుమ నాలుగు మార్లు చేతులు మారడంతో వీధుల పేర్లలో, వంటల్లో రెండు దేశాలూ కలిసి కనిపిస్తాయి. అరగంట దూరంలో కోల్మార్. కలప చట్రాల రంగుల ఇళ్ల ముందు ఫొటోలు తీసుకుని వెనుదిరగడం ఆనవాయితీగా మారింది కాని, ఉంటర్‌లిండెన్ మ్యూజియంలో గ్రూనెవాల్డ్ గీసిన ఈసెన్‌హైమ్ బలిపీఠ చిత్రాలు చూడకపోతే కోల్మార్ వెళ్లినట్టే కాదు. డిసెంబరులో అక్కడి క్రిస్మస్ సంతలకు జనం విరగబడతారు, గది అద్దెలు మండిపోతాయి.

పారిస్ దాటి బస మార్చడం ఇష్టం లేనివారికి ఒక్కరోజు ప్రయాణాలు చాలు. సాన్ లజార్ నుంచి గంటన్నర లోపు రువాన్. 1431 మే 30న జోన్ ఆఫ్ ఆర్క్‌ను సజీవ దహనం చేసిన సంత కూడలి అక్కడే ఉంది. మోంపార్నాస్ నుంచి గంట పైచిలుకు ప్రయాణంతో షార్త్ర్. 1194 అగ్నిప్రమాదం తరవాత సుమారు ముప్ఫై ఏళ్లలో తిరిగి లేచిన ఆ చర్చి రంగుటద్దాల కిటికీల అడుగు భాగాల్లో చెప్పులు కుట్టేవాళ్లు, రొట్టెలు కాల్చేవాళ్లు, బండి చక్రాలు చేసేవాళ్లు తమ పనిముట్లతో కనిపిస్తారు. నేలమీది రాతి చిక్కుదారి చాలా రోజులు కుర్చీల కింద మరుగున ఉంటుంది. వసంతం నుంచి శరత్తు వరకు శుక్రవారాల్లో కుర్చీలు తీసి నడవనిస్తారు. షార్త్ర్‌కు వెళ్లేదుంటే శుక్రవారమే వెళ్లండి. యానాం చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు మోంపార్నాస్ నుంచి మూడు గంటల దూరంలోని లోరియాన్‌ను తలచుకోవచ్చు. 1664లో పుట్టిన ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ రేవు అది. రెండో ప్రపంచ యుద్ధపు బాంబుల్లో పాత ఊరు దాదాపుగా నాశనమైంది కనుక అందచందాలు ఆశించి వెళ్లవద్దు. కంపెనీ మ్యూజియం పడవ దాటి వెళ్లే పోర్ లూయి కోటలో ఉంది.

ఇక తేదీల మాట. మన పిల్లలకు సెలవులిచ్చే మే నెల ఫ్రాన్స్‌లో రాత్రి తొమ్మిదింటి దాకా వెలుతురుండే మంచి నెల. కాని మే 1, మే 8 సెలవులు. క్రీస్తు ఆరోహణ పండుగ, పెంతెకొస్తు సోమవారం కూడా చాలా ఏళ్లు మేలోనే వస్తాయి. పండుగకూ వారాంతానికీ మధ్యలో ఒక రోజు సెలవు పెట్టి ఫ్రెంచివాళ్లంతా ఊళ్లకు బయలుదేరతారు, రైళ్లు నిండిపోతాయి. మే 1న మ్యూజియాలే కాదు, చాలాచోట్ల దుకాణాలూ తెరవరు. జులైలో అవిన్యోన్ నాటకోత్సవం జరుగుతుంది. 1947 నుంచి సాగుతున్న ఆ ఉత్సవం కోసమే వెళ్లేవారు తప్ప ఇతరులు ఆ నెల అక్కడ గది వెతకడం వృథా. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం, కోల్మార్‌లోని ఉంటర్‌లిండెన్ మంగళవారం మూసి ఉంటాయి. వెర్సాయ్, ఓర్సే మ్యూజియం సోమవారం తెరవరు. యాత్ర ఏ రోజున మొదలుపెట్టాలో ఈ సెలవులే నిర్ణయిస్తాయి. ఏజెంట్లు ఇచ్చే కాగితంలో తేదీ ఉంటుంది కాని అది సోమవారమో మంగళవారమో ఉండదు; అది చూసుకోవలసింది మనమే.

టీజీవీ టికెట్ ధర విమాన టికెట్‌లా రోజులు దగ్గర పడేకొద్దీ పెరుగుతుంది, కనుక ముందుగా కొనాలి. టీఈఆర్ అనే ప్రాంతీయ రైళ్లకు చాలావరకు సీటు రిజర్వేషను ఉండదు. అప్పటికప్పుడు కొనుక్కుని ఎక్కవచ్చు. టీజీవీలో మనిషికి రెండు పెట్టెలు, ఒక చేతిసంచి మించితే జరిమానా వేస్తారు. భోజనశాలల్లో వంట మధ్యాహ్నం రెండింటికి కట్టేస్తారు, మళ్లీ రాత్రి ఏడు దాటాక గాని పొయ్యి వెలగదు. మూడింటికి ఆకలితో తలుపు తట్టే అలవాటు మనవాళ్లు మానుకోవాలి. శాకాహారులకు చిన్న ఊళ్లలో ఇబ్బందే. వంటగది ఉన్న గది తీసుకుని సంతలో కూరలు కొనుక్కోవడం మంచిది. ఇంటి నుంచి ఆవకాయ పట్టుకెళ్లవచ్చు గాని, నెయ్యి డబ్బా, చికెన్ పచ్చడి వద్దు. పాల, మాంసపు పదార్థాలను ప్రయాణికులు బయటి దేశాల నుంచి ఐరోపా సమాఖ్యలోకి తేవడం నిషేధం.

వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి, కనీసం పదిహేను రోజుల ముందు దాకా దరఖాస్తు చేయవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు గడుపుతారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. హోటలు బుకింగులు, రైలు మార్గం, దరఖాస్తులో రాసిన ఊళ్లు ఒకదానితో ఒకటి పొసగాలి. ఒకే దిక్కున సాగే యాత్రకు ఆ కాగితాలు సిద్ధం చేయడం కూడా తేలిక.

చివరిగా ఒక జాగ్రత్త. ఫ్రాన్స్‌లో రైల్వే సమ్మెలు మామూలే. ఏ రైళ్లు నడుస్తాయో ముందురోజు సాయంత్రానికి ప్రకటిస్తారు కాబట్టి గందరగోళం తక్కువ. అయినా విమానం ఉన్న రోజు ఉదయం అవిన్యోన్‌లోనో స్ట్రాస్‌బర్గ్‌లోనో ఉండకూడదు. ఆఖరి రాత్రి పారిస్‌లోనే గడపాలి. మీ అనుబంధంలో ఈసారి ఐరోపా యాత్రల వ్యాసం వేసేటప్పుడు, చూడదగిన ఊళ్ల ఫొటోలతో పాటు ఏ ఊరికి ఏ స్టేషను నుంచి బయలుదేరాలో, ఎంతసేపు పడుతుందో, ఏ రోజున మూసి ఉంటుందో తెలిపే చిన్న పట్టిక కూడా అచ్చు వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
తమ పాఠకుడు,
కాకినాడ.